అట్లాంటికు తీరమున ఒక గాలి పట్టణము

విద్యార్థులారా! మీ అట్లాసు పుస్తకము తెరచి ఆఫ్రికా ఖండపు వాయవ్య మూలను చూడుడు. అచ్చట మొరాకో దేశము కలదు. దాని పడమటి తీరమున, అట్లాంటికు మహాసముద్రపు ఒడ్డున, ఎస్సౌయిరా అను చిన్న పట్టణము కనబడును. 2014వ సంవత్సరపు జనాభా లెక్కలలో అచ్చటి జనసంఖ్య సుమారు 78 వేలు. పాత పటములలో దీని పేరు మొగదోరు. నేడు ఐరోపా, అమెరికా దేశముల నుండి కొందరు వచ్చి ఈ ఊరిలో నెలల తరబడి కాపురముండి, లండనులోనో న్యూయార్కులోనో ఉన్న తమ కార్యాలయముల పనిని ఇచ్చటి నుండియే కంప్యూటరు మీద చేయుచున్నారు. ఉద్యోగము ఒక దేశమున, భోజనము మరియొక దేశమున! 2020వ సంవత్సరపు అంటువ్యాధి తరువాత, ఇంటి నుండి పనిచేయుట అనునది మన బరంపురములోను అందరు ఎరిగిన మాటయే. అయితే ఆ ఇల్లు పరదేశమున ఉన్నప్పుడు బ్రతుకు ఎట్లుండునో ఈ పాఠమున తెలిసికొందము.

మొదట ఊరిని గూర్చి చెప్పవలెను. ఇది తనంతట తాను పెరిగిన ఊరు కాదు. ఒక రాజు సంకల్పించి కట్టించినది. 1760 తరువాతి సంవత్సరములలో సుల్తాను మహమ్మదు బిన్ అబ్దుల్లా విదేశ వ్యాపారము కొరకు ఇచ్చట రేవును నిర్మింప దలచెను. తియొడోరు కోర్ను అను ఫ్రెంచి శిల్పి దానికి నమూనా గీసెను. అందువలననే ఫెజ్ వంటి పురాతన నగరములలోని వంకర సందులు ఇచ్చట అంతగా కానరావు; ప్రధాన వీథులు దారము పట్టి గీచినట్లు తిన్నగా సాగును. సముద్రము వైపు ఎత్తైన ప్రాకారము, దానిపై కంచు ఫిరంగులు వరుసదీరి ఉన్నవి. 2001లో యునెస్కో ఈ పాత పట్టణమును ప్రపంచ వారసత్వ స్థలముల జాబితాలో చేర్చినది.

సహారా ఎడారిని దాటి వచ్చిన ఒంటెల బిడారుల సరకు ఒకప్పుడు ఈ రేవున ఓడల కెక్కెడిది. సుల్తాను వర్తకులని పేరొందిన యూదు కుటుంబములవారు ఇచ్చట నివసించి లండను, లివోర్నో మొదలగు నగరములతో ఉత్తరముల ద్వారా వ్యాపారము నడిపిరి. దూరదేశపు పనిని ఈ ఊరిలో కూర్చుండి చేయుట కొత్త సంగతి కాదని దీనివలన తెలియుచున్నది. అప్పుడు ఉత్తరమునకు ప్రత్యుత్తరము రావలెనన్న వారములు, నెలలు పట్టెడివి. ఇప్పుడో, సన్నని గాజు తంతులలో వెలుగు రూపమున వార్త ప్రయాణించుచున్నది. గాజులో వెలుగు వేగము సెకనుకు ఇంచుమించు 2 లక్షల కిలోమీటరులు. ఇచ్చటి నుండి లండనుకు తిన్నగా కొలిచినచో 2,400 కిలోమీటరులకు లోపే. ఎంత సేపు పట్టునో మీరే భాగించి చూడుడు.

ఫ్రెంచివారి పాలనలో, అనగా 1912 మొదలు 1956 వరకు, కాసాబ్లాంకా రేవు పెరిగి ఈ ఊరి వ్యాపారమును తన వైపు లాగుకొన్నది. ఎస్సౌయిరా నిశ్శబ్దమైనది. నీలిరంగు పడవలు, సార్డీను చేపల వేట, ప్రాకారము క్రింది గదులలో తూయా చెట్టు వేరుబుడుపులను చెక్కి పెట్టెలు చేయు వడ్రంగుల పని, ఇవి మిగిలినవి. ఆ చెక్క సువాసన వీథి మలుపు తిరుగకముందే ముక్కునకు తగులును. పరదేశపు ఉద్యోగి కోరి వచ్చునది ఈ నిశ్శబ్దమునకే. మన గోపాలపురము కూడ ఒకప్పటి రేవే గదా; పాత రేవులందు ఇట్టి శాంతి ఒకటి ఉండును.

అయితే నిశ్శబ్దమన్నంత మాత్రమున గాలి ఊరకుండునా? ఏప్రిలు మొదలు సెప్టెంబరు వరకు ఈశాన్య వ్యాపార పవనములు విడువక వీచును. తీరము వెంబడి కానరీ శీతల ప్రవాహము పోవుచుండుటచే, లోపలనున్న మరాకెషు నగరమున ఎండ 40 డిగ్రీలు దాటిన దినమున కూడ ఇచ్చట 22 డిగ్రీల ప్రాంతముననే ఉండును. గాలి పైనీటిని త్రోసివేయగా అడుగు నుండి చల్లని నీరు ఆహారపదార్థములతో పైకి వచ్చును. చేపల సమృద్ధికి కారణమిదియే. ప్రకటన చిత్రములలో ఇసుకలో కూర్చుండి ఒడిలో కంప్యూటరు పెట్టుకొన్న మనుష్యుని చూపుదురు. దానిని నమ్మవలదు. ఎస్సౌయిరా తీరమున అట్లు కూర్చున్నచో కొంతసేపటికే మీటల సందులు ఇసుకతో నిండును. ఉప్పుగాలి ఇనుమును, యంత్రములను తినివేయును. పాత ఇండ్ల రాతిగోడలు మందమైనవగుటచే ఒక గదిలోని నిస్తంత్రి సంకేతము పక్క గదికి చక్కగా అందదు.

గడియారపు సంగతి మరింత చిత్రము. భూమి 15 డిగ్రీలు తిరుగుటకు ఒక గంట పట్టును. ఈ పట్టణము గ్రీనిచ్‌కు పడమట దాదాపు 9¾ డిగ్రీల దూరమున నున్నది. కావున సూర్యుని లెక్కన గ్రీనిచ్ కంటె 39 నిమిషములు వెనుకబడవలెను. కాని 2018 అక్టోబరులో మొరాకో ప్రభుత్వము గ్రీనిచ్ కంటె ఒక గంట ముందున్న కాలమును, రంజాను మాసమున తప్ప, ఏడాది పొడవునను పాటింప నిశ్చయించినది. ఈ లెక్కను జనవరిలో గడియారము ఎనిమిదిన్నర దాటిన తరువాతనే సూర్యోదయమగును. పిల్లలు చీకటిలో బడికి పోవలసి వచ్చుచున్నదని ఆనాడు తల్లిదండ్రులు ఆక్షేపించిరి. శీతకాలమున లండను కార్యాలయము తొమ్మిదికి తెరచినచో ఇచ్చట పది. న్యూయార్కులో తొమ్మిదైనచో ఇచ్చట మధ్యాహ్నము మూడు. మన దేశమున ఉదయము తొమ్మిదిన్నర అయినచో ఇచ్చట తెల్లవారుజామున అయిదు. న్యూయార్కు పని చేయువాడు ఉదయమంతయు తీరమున తిరుగవచ్చును గాని, ఊరివారు బయటకు వచ్చి మాటలాడుకొను సాయంకాలమును పూర్తిగా పోగొట్టుకొనును. నా దృష్టిలో అది చిన్న నష్టము కాదు.

చట్టము కూడ ఉన్నది. అనేక దేశములవారు అనుమతిపత్రము లేకయే 90 దినములు ఉండవచ్చును. భారతీయులు ముందుగా అనుమతి పొందవలెను. 365 దినములలో 183 దినములకు మించి నివసించిన వాడు పన్నుల విషయమున ఆ దేశపు నివాసిగా ఎంచబడును. పరదేశపు జీతముతో వచ్చినవారు పాత ఇండ్లను కొనుటచేతను, అద్దెకు తీసికొనుటచేతను, ఊరివారిలో కొందరు ప్రాకారము వెలుపలకు తరలుచున్నారు. వచ్చినవాడు చెడ్డవాడు కానక్కరలేదు. అతడు ఇచ్చు అద్దె ఊరి బడిపంతులు ఇయ్యగలిగినది కాదు, అంతియే.

ఇక భాష. ఈ భాగమును మీరు శ్రద్ధగా చదువవలెనని కోరుచున్నాను. ఎస్సౌయిరా రెండు జాతుల సీమల సరిహద్దున ఉన్నది. ఉత్తరమున షియాద్మా జాతివారు అరబ్బీ మాటలాడుదురు. దక్షిణమున హాహా జాతివారిది తషెల్హీతు. ఇది అమాజిగు భాషలలో ఒకటి, అరబ్బులు రాకముందు నుండియు అచ్చట ఉన్నది. నీటిని అరబ్బీలో ‘మా’ అందురు, తషెల్హీతులో ‘అమన్’ అందురు. రొట్టె ఒకరికి ‘ఖుబ్జ్’, మరియొకరికి ‘అఘ్రుమ్’. హాహా సీమ బాలుడు ఇంట తషెల్హీతు, వీథిలో మొరాకో వాడుక అరబ్బీ, బడిలో గ్రంథపు అరబ్బీ, ఆపై ఫ్రెంచి నేర్చును. ఇంట తెలుగు, అంగడిలో ఒడియా, పుస్తకమున ఇంగ్లీషు మోయుచున్న మీకు ఆ బాలుని వేరుగా పరిచయము చేయనక్కరలేదు. అతని ఇంటిభాష 2003 వరకు ప్రభుత్వ పాఠశాలలలో పాఠముగా లేదు. ఆ సంవత్సరముననే తిఫినాగు అను ప్రాచీన లిపిని సంస్కరించి దానికి స్వీకరించిరి. 2011 నాటి రాజ్యాంగము అమాజిగును అరబ్బీతోపాటు అధికారభాషగా చేసినది. బోధన మాత్రము ఇంకను అన్ని పాఠశాలలకు చేరలేదు.

దూరపు ఉద్యోగికి ఈ రెండు భాషలును రాకపోయినను పూట గడచును. కాఫీ దుకాణమున ఫ్రెంచి చాలును, పర్యాటకుల అంగళ్లలో ఇంగ్లీషును చెల్లును. అతని పని అంతయు తన భాషలోనే జరుగుచుండును గనుక ఏడాది గడచినను పొరుగింటి ముసలమ్మతో ఒక్క మాట కలియకపోవచ్చును. ఆ వెనుకటి వర్తకుల సంగతి అట్లు కాదు. వారు ఇచ్చటనే పిల్లలను పెంచిరి, ఊరి అరబ్బీలోనే ఇల్లు నడిపిరి. ఇప్పటివారిలో కూడ రెండవ ఏడు నిలిచినవారు కొందరు పొరుగున ఎవరినైన ఆశ్రయించి వాడుక అరబ్బీ నేర్చుకొనుచున్నారు. అట్టివారికి మంచి బడి సంత. మన ఊళ్లలో వలె అచ్చటను సంతలకు వారముల పేర్లు ఉన్నవి. పట్టణమునకు దాపున ‘హద్ ద్రా’ అను ఊరు కలదు. ‘హద్’ అనగా ఆదివారము. ఆ దినమున షియాద్మా రైతులు గొఱ్ఱెలను, ధాన్యమును, గాడిదలను తోలుకొని వత్తురు. అచ్చట ధర అడుగుటకు ‘ష్‌హాల్?’ అనవలెను.