నాన్న ఎందుకు మరిచిపోతాడు?



"ఇన్‌కమ్ సర్టిఫికెట్ తెమ్మన్నాను కదా నాన్నా!" అని మనం విసుక్కుంటాం. "మరిచిపోయాను రా" అంటాడు నాన్న. చదువు లేక అలా మరిచిపోతున్నాడని అనుకుంటాం. అది నిజమేనా?

ముందుగా ఒక చిన్న పరీక్ష.

5 5 5

ఇక్కడ ఎన్ని అంకెలున్నాయి? జవాబు 3. కాని నోటికి ముందు 5 వస్తుంది. దాన్ని ఆపుకొని 3 అని చెప్పడానికి ఏకాగ్రత కావాలి.

తమిళనాడులోని విల్లుపురం, తిరువణ్ణామలై జిల్లాల్లో 464 మంది చెరకు రైతులకు ఇటువంటి పరీక్ష పెట్టారు. ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో అనే పరిశోధకులు ఆ ఫలితాలను 2013లో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. చెరకు రైతుకు డబ్బు కోత తర్వాతే చేతికొస్తుంది. కోతకు ముందు అప్పులు, తాకట్లు. అందుకే ఒకే రైతును రెండుసార్లు పరీక్షించారు.

ఫలితాలు:
1. అంకెల పరీక్షకు కోతకు ముందు సగటున 146 సెకన్లు, కోత తర్వాత 131 సెకన్లు పట్టింది. తప్పులు కూడా తగ్గాయి.
2. బొమ్మల వరుసలో ఖాళీ పూరించే పరీక్షలో సరైన జవాబులు 4.35 నుండి 5.45కు పెరిగాయి.

మనిషి అతడే, చదువు అంతే. మారింది చేతిలోని డబ్బు. అప్పు ఎలా తీర్చాలి, ఎవరిని అడగాలి అనే ఆలోచనలతోనే మనసు నిండిపోతే, మిగతా పనులకు చోటు తగ్గుతుందని వారి వివరణ. మనసు పెట్టి వినని మాట జ్ఞాపకంలో నిలవదు కదా!

అయితే ఇదే తుది మాట కాదు. అమెరికాలో జీతం రోజుకు ముందు, తర్వాత పరీక్షించి 2016లో ప్రకటించిన పరిశోధనలో ఇలాంటి తేడా కనిపించలేదు. పేదరికం అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు.

మన నూజెండ్ల వైపు మిర్చి, పత్తి రైతు సంగతి ఆలోచించండి. విత్తనం, ఎరువు, పురుగుమందు, కూలీ అన్నింటికీ ముందే ఖర్చు. పంట అమ్మితేనే రాబడి.

కాబట్టి మనం చేయవలసినవి:
* ఇంట్లో వారిని "మొద్దు" అనకూడదు.
* కావలసిన పత్రాల పేర్లు, గడువు తేదీ కాగితం మీద రాసివ్వాలి.
* ఇంటి దిగులుతో పాఠం ఎక్కకపోతే "నాకు తెలివి లేదు" అనుకోకుండా వార్డెన్ గారికో, స్నేహితునికో చెప్పుకోవాలి.
* ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు తమ బల్ల ముందుకొచ్చే పేదవారికి రెండోసారి ఓపికగా చెప్పాలి.

గుర్తుంచుకోండి: మరిచిపోయిన మనిషి తెలివి తక్కువవాడు కాకపోవచ్చు, బరువు ఎక్కువ మోస్తున్నవాడు కావచ్చు.