మైకు ముందర నిలబడబోయే బుజ్జమ్మకు



వక్తృత్వ పోటీకి నీ పేరిచ్చారని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు సరిగా నిద్ర పట్టడం లేదమ్మీ. సంతోషం సగమైతే, పోయిన ఏడు నువ్వు వేదిక మీద సేద్యాన్ని 'సేద్దెం' అన్నందుకు ఎవరో కిసుక్కున నవ్వారనీ, మధ్యలోనే దిగొచ్చి ఏడ్చావనీ గుర్తొచ్చి కలిగే దిగులు సగం.

అందుకే మీ అవ్వ సంగతొకటి చెప్తా విను. నువ్వు పుట్టకముందు, వాన మొగం చాటేసిన ఒక ఏడాది, పంట నష్టం రాసుకోడానికి అధికారులొస్తే, రచ్చకట్ట దగ్గర మగవాళ్లమంతా ఒకేసారి అరిచాం. బడిలో పాఠాలు చెప్పేవాణ్ని, నేనూ అరిచాను, ఏం లాభం, ఒక్క మాటా ఎవరి చెవికీ ఎక్కలేదు. మీ అవ్వ మాత్రం గమ్మున చేనికి పోయి ఒక బుడ్డల చెట్టు, అదే వేరుశనగ మొక్క, పెరుక్కొచ్చి, వేళ్లకంటిన ఎర్రమట్టి కూడా దులపకుండా వాళ్లలో ఒక అధికారి ముందు పట్టుకుంది. "చూడు సామీ, ఊడలు దిగే యాళకు పదును లేదు. ఊడ నేలలోకి పోలేక పైనే ఎండిపాయె. చెట్టుకు రెండు కాయలు, అవీ తాలే." చెయ్యి వణికింది, గొంతూ వణికింది. అయినా ఆయన కలం మూత తీసింది అప్పుడే.

మన తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్ళారి రాఘవ గురించి నీకెప్పుడైనా చెప్పానా? వృత్తికి వకీలు. నాటకాల్లో పద్యాన్ని రాగం తీసి తీసి పాడితేనే జనం మెచ్చే రోజుల్లో, ఆయన మనిషి మాట్లాడినట్టే మాట్లాడి మెప్పించాడు. నువ్వూ బట్టీ పట్టి రాగం తీయొద్దు తల్లీ. నాలుగు ముక్కలు చీటీ మీద రాసుకుని, మిగతాది వంటింట్లో మీ అమ్మకు చెప్పు. బియ్యం ఏరుతున్న మనిషి ఏ మాటకు తలెత్తి చూసిందో ఆ మాట ఉంచుకో, చూడనిది తీసెయ్యి.

నవ్వేవాళ్ల సంగతంటావా, అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకుల్లో ఒకరి పనే అడ్డుపడటం, దాన్ని అప్రస్తుత ప్రసంగం అంటారు. అవధాని ఆయనకు జవాబిచ్చి, పద్యం ఎక్కడ వదిలాడో అక్కడే మళ్లీ అందుకోవాలి. దళిత కుటుంబంలో పుట్టి, 2021లో పద్మశ్రీ అందుకున్న మన జిల్లా ఆశావాది ప్రకాశరావుగారు ఎన్నో అవధానాలు అలాగే నెగ్గుకొచ్చారు. నువ్వూ ఒక ఊపిరి ఆగి, మళ్లీ సేద్దెం అనే అను.

ఇంకొకటి. ఎండాకాలం సెలవుల్లో నువ్వు మనూరికి వచ్చినప్పుడు, మేకలు కాసే నత్తి పిల్లాడు మాట పూర్తి చేసేదాకా, వాడి నోట్లోకి మాట అందివ్వకుండా, ఎండలో చెప్పుల్లేకుండా నిలబడి వినేదానివి. నేను అరుగు మీద నుంచి చూసేవాణ్ని. నీ ముందు మాట్లాడే పిల్ల ఎవరైనా తడబడితే మొదటి చప్పట్లు నువ్వే కొడతావని నాకు తెలుసు, అయినా తాతను కదా, చెప్పకుండా ఉండలేను.

శనివారం మొదటి బస్సుకు అవ్వా నేనూ వస్తున్నాం, చివరి వరుసలో కూర్చుంటాం. అవ్వకు ఈమధ్య చెవి మందగించింది. ఆమెకు వినబడేలా మాట్లాడు.

ఇట్లు
మీ తాత