ఎర్రమచ్చల సీతాకోకచిలుకలు – వీటిలో నిమ్మకు శత్రువేది?

తూర్పు కనుమలలో అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతపు రైతు సోదరులు నల్లని రెక్కలు, వాటిపై తెల్లని మచ్చ, అంచున ఎర్రని చుక్కలు, వెనుక తోకలు గల సీతాకోకచిలుకలను చూచియే ఉందురు. నిమ్మ ఆకు తిను పురుగునకు ఇవియే తల్లులని కొందరు వీటిని కనబడినచోటనెల్ల కొట్టి చంపుదురు. ఇందులో సగమే నిజము. ఒకే వేషమున తిరుగు ఇవి ఒక జాతివి కావు.

మొదటిది కామన్ రోజ్. దీని గొంగళిపురుగు ఈశ్వరి తీగ, దాని జాతి తీగల ఆకులనే తినును, నిమ్మను ముట్టదు. ఆ ఆకులలోని విషము దాని ఒంట చేరి, రెక్కలు వచ్చిన పిదపను నిలిచియుండును. ఒకసారి రుచి చూచిన పక్షి మరల దాని జోలికి పోదు.

రెండవది కామన్ మార్మన్. దీని పురుగు నిమ్మ, నారింజ, కరివేపాకు మొక్కల ఆకులను తినును. మగది నల్లగా నుండి, వెనుక రెక్కలపై తెల్లమచ్చల వరుస కలిగియుండును. ఆడవానిలో కొన్ని మగదానివలె, కొన్ని కామన్ రోజ్ వలె, మరికొన్ని క్రిమ్సన్ రోజ్ అను ఇంకొక విషపు చిలుకవలె ఉండును. వీటికి విషము లేకున్నను, వేషము చూచి పక్షులు మోసపోవును. విద్యార్థిగా ఉన్నప్పుడు నేనును పలుమార్లు మోసపోతిని. ఈ ఆడవాని రూపభేదములను వాలెస్ అను శాస్త్రజ్ఞుడు 1865లోనే వివరించెను. ఈ వేషములను నిర్ణయించునది ఒకే జన్యువని 2014లో తేలినది.

గుర్తించు విధము:

1. శరీరము: రెక్కలను చూచి నిర్ణయింపరాదు. రోజ్ జాతులకు తలయు, పొట్టయు ఎర్రగా నుండును. మార్మన్ శరీరము నల్లగానే యుండును. ఇదియే నమ్మదగిన గుర్తు.

2. ఎగురు తీరు: రోజ్ నింపాదిగా ఎగురును. వేషము వేసిన మార్మన్ కూడ కొంత అట్లే ఎగురును గనుక ఈ ఒక్క గుర్తుపై ఆధారపడరాదు.

3. వ్రాలు చోటు: తేనె కొరకు రెండును పూలపై వ్రాలును. నిమ్మ లేతాకులపై ఒక్కొక్క గ్రుడ్డుగా పెట్టునది మార్మన్.

4. గొంగళిపురుగు: మార్మన్ పిల్లపురుగు పక్షి రెట్టవలె కనబడును, ఎదిగినది పచ్చగా నుండి, తాకినచో తల వెనుకనుండి ఎర్రని కొమ్ములు చాచి వాసన వెదజల్లును. రోజ్ పురుగు ముదురు ఎరుపు రంగున, కండగల మొనలతో, నడుమ తెల్లని పట్టీతో ఉండును.

చేయవలసిన పని: రెక్కల చిలుక ఆకు తినదు, దానిని చంపుటవలన లాభము స్వల్పము. నారుమళ్లలోను, లేతమొక్కలపైనను చిగుళ్లను తరచు పరిశీలించి, గ్రుడ్లను, పురుగులను చేతితో ఏరి నాశనము చేయవలెను. ఉధృతి హెచ్చుగా నున్నచో 5 శాతం వేపగింజల కషాయమును పిచికారీ చేయవలెను. పెద్ద చెట్లు కొద్దిపాటి ఆకు నష్టమును తట్టుకొనగలవు.

ఎర్రని ఒళ్లు కనబడినచో విడిచిపెట్టుడు. నల్లని ఒళ్లు కనబడినచో నిమ్మ చిగురు తిప్పి చూడుడు.