ఇంటి కంప్యూటర్‌లో జాగా చేసుకోవడం ఎట్లా?

చేవెళ్ల, మొయినాబాద్‌లలో నేను చూసిన ఇంటి కంప్యూటర్లలో చాలావాటికి ఒకటే జబ్బు: డిస్కు నిండిపోవడం.

"256 గిగాబైట్లని కొంటే 238 మాత్రమే చూపిస్తున్నదేం? మోసమా?" అని అడుగుతుంటారు. మోసం కాదు. తయారీదారుల లెక్కలో గిగాబైటంటే 100 కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో 107 కోట్ల పైచిలుకు. తేడా అంతే.

ముందుగా సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్' తెరిచి, ఏది ఎంత జాగా తింటున్నదో చూడండి. తర్వాత 'టెంపరరీ ఫైల్స్' తుడవండి. అయితే ఆ జాబితాలోనే 'డౌన్‌లోడ్స్' కూడా ఉంటుంది. అందులో ఏమున్నదో చూడకుండా టిక్కు పెట్టవద్దు. డిలీట్ చేసిన ఫైలు సాధారణంగా రీసైకిల్ బిన్‌లో చేరి జాగా ఆక్రమించే ఉంటుంది. బిన్ ఖాళీ చేస్తేనే లాభం.

మన రైతు గుమ్మి దులిపే ముందు విత్తనాలు వేరుగా తీసి పెడతాడు. మనమూ అంతే చేయాలి. సినిమా పోతే మళ్లీ దొరుకుతుంది. ప్రాజెక్టు రిపోర్టు, అమ్మమ్మ ఫోటో దొరకవు. అటువంటివాటిని ముందు వేరే డిస్కులోకి కాపీ చేయండి, అక్కడ తెరిచి సరిచూడండి, ఆ తర్వాతే చీపురు పట్టండి.