మూతబడ్డ హాల్లో మళ్ళీ పాట

రెడ్డిగూడెం నుంచి అత్తాకోడళ్ళు బెజవాడ బయలుదేరారు. బస్సు మైలవరం దాటింది. దారిలో ఒకచోట పాత సినిమా హాలు కనిపించింది. తలుపులకు తాళం. గోడల మీద రావి మొక్కలు.

"చిన్నప్పుడు ఇలాంటి హాల్లోనే నేల టిక్కెట్టు కొని సినిమాలు చూసేవాళ్ళం. ఆడవాళ్ళ వరస వేరేగా ఉండేది. ఇప్పుడు చూడు, ఎట్లా పాడుబడిందో! ఇక పడగొట్టాల్సిందే" అంది అత్త.

"పాడుబడినవన్నీ పడగొట్టక్కర్లేదు అత్తయ్యా. బొంబాయిలో ఒక హాలు ఇరవై మూడేళ్ళు మూతబడి ఉంది. దాన్ని బాగు చేసి మళ్ళీ తెరిచారు. మా చదువు కేంద్రంలో ఇచ్చిన పుస్తకంలో ఉంది" అంది కోడలు.

"ఏదీ, చదువమ్మాయ్."

కోడలు సంచిలోంచి పుస్తకం తీసింది. పైకి చదివింది.

నాటకాల హాలు

బొంబాయిని ఇప్పుడు ముంబయి అంటున్నారు. అక్కడ గిర్‌గావ్ అనే పేట దగ్గర రాయల్ ఒపేరా హౌస్ ఉంది. ఒపేరా అంటే పాటలతో నడిచే నాటకం. మన వీధి భాగవతంలాగా కథంతా పాటల్లో సాగుతుంది. ఇది ఐరోపా దేశాల కళ.

మారిస్ బాండ్‌మన్, జహంగీర్ కరాకా అనే ఇద్దరు ఈ హాలు కట్టించారు. 1911లో ఇంగ్లండు రాజు ఐదో జార్జి బొంబాయి వచ్చాడు. పని పూర్తి కాకముందే ఆయన చేత హాలు ప్రారంభం చేయించారు. 1912లో కట్టడం పూర్తయింది.

లోపల బంగారు రంగు పూతలు. పైన వేలాడే పెద్ద దీపాల గుత్తులు. ఆ రోజుల్లో మైకులు లేవు. అందుకని పైకప్పును గుమ్మటంలా కట్టారు. వేదిక మీద పాడితే, పైన చివరి వరసలో కూర్చున్నవాళ్ళకి కూడా వినపడేది.

మన స్థానం నరసింహారావులాగా ఆడవేషాలకు పేరుపడ్డ మరాఠీ నటుడు బాల గంధర్వ. ఆయన కూడా ఈ వేదిక మీద ఆడాడు.

సినిమా హాలు

1931లో మన దేశంలో మాట్లాడే సినిమా వచ్చింది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'. అది 1932లో మొదట బొంబాయిలోనే ఆడింది. నాటకాలకు జనం తగ్గారు. సినిమాలకు పెరిగారు. 1930ల్లోనే ఒపేరా హౌస్ కూడా సినిమా హాలుగా మారింది. 1952లో గుజరాత్‌లోని గోండల్ రాజకుటుంబం ఈ హాలును కొన్నది.

తర్వాత ఇళ్ళలోకి టీవీలు, వీడియోలు వచ్చాయి. సినిమా హాళ్ళకు జనం తగ్గారు. టిక్కెట్ల డబ్బు ఖర్చులకు చాలలేదు. 1993లో ఒపేరా హౌస్ తలుపులు మూశారు.

మనిషి మసలని ఇల్లు త్వరగా పాడవుతుంది. ఈ హాలూ అంతే. వాన నీరు దిగింది. పూతలు ఊడిపోయాయి.

పాట కచేరీల హాలు

పెద్ద పట్నాల్లో జాగా అంటే బంగారం. పాత హాళ్ళు చాలావరకు అందుకే పోయాయి. మన బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్య మద్రాసులో గెయిటీ అనే సినిమా హాలు కట్టించాడు. ఆ హాలు ఇప్పుడు లేదు.

ఒపేరా హౌస్‌ను మాత్రం యజమానులు పడగొట్టలేదు. బాగు చేయించే పనిని ఆభా నారాయణ్ లాంబా అనే ఆమెకు అప్పగించారు. పాత కట్టడాలను బాగు చేయడంలో ఆమె నిపుణురాలు. పాత ఫొటోలు వెతికించారు. గోడల మీద రంగుల పొరలు గీకించారు. అడుగున ఉన్న మొదటి రంగు తెలుసుకున్నారు. ఏళ్ళ తరబడి పని జరిగింది.

2016 అక్టోబరులో హాలు మళ్ళీ తెరిచారు. బొంబాయిలో పుట్టిన గాయని ప్యాట్రిషియా రొజారియో పాడారు. 2017లో ఈ పనికి యునెస్కో బహుమతి వచ్చింది. హాల్లో సుమారు 575 మంది కూర్చోవచ్చు.

కోడలు పుస్తకం మూసింది.

"వాళ్ళు రాజులు. డబ్బుంది, చేయించారు. మన హాళ్ళకి ఎవరు పెడతారు?" అంది అత్త.

"డబ్బు కావాల్సిందే అత్తయ్యా. కానీ డబ్బు పెట్టినా, వాడుక లేకపోతే మళ్ళీ తాళమే కదా! నాటకాలు తగ్గితే సినిమా వేశారు. సినిమా తగ్గితే పాట కచేరీ పెట్టారు. పని ఉన్నంతకాలం కట్టడం నిలుస్తుంది."

అత్త కాసేపు ఆలోచించింది.

"ఇంకోమాట కూడా ఉందమ్మాయ్. నేల టిక్కెట్టు ఉండబట్టే మాలాంటివాళ్ళం లోపలికి వెళ్ళాం. ఎంత అందంగా బాగు చేసినా, కూలికి పోయే మనిషి కూడా లోపల కూర్చోగలగాలి. అప్పుడే అది అందరి హాలు."

"ఈ మాట పుస్తకంలో లేదు అత్తయ్యా!" అని కోడలు నవ్వింది. "రేపు కేంద్రంలో నేనే చెబుతాను."

కొత్త మాటలు

గుమ్మటం: బోర్లించిన గిన్నెలా ఉండే కప్పు
నిపుణురాలు: ఒక పని బాగా తెలిసిన స్త్రీ
వాడుక: వాడటం, ఉపయోగం

చెప్పండి, రాయండి

1. ఒపేరా హౌస్ ఏ సంవత్సరంలో మూతబడింది? మళ్ళీ ఎప్పుడు తెరిచారు?
2. మొదటి రంగు ఏదో ఎలా తెలుసుకున్నారు?
3. మీ ఊళ్ళో వాడకుండా వదిలేసిన కట్టడం ఏది? దాన్ని దేనికి వాడుకోవచ్చు? అందరూ కలిసి మాట్లాడుకోండి. నాలుగు వాక్యాలు రాయండి.