ఋణభారము, గృహచింత

ప్రశ్న: గాజియాబాదులో బ్యాంకు అప్పుతో చిన్న ఫ్లాటు కొన్నాము. జీతము 28 వేలు, ఇంటి వాయిదా 14 వేలు, క్రెడిట్ కార్డు బాకీ లక్షన్నర. రెండు వాయిదాలు తప్పినవి. ఇల్లు పోవునా?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఇల్లు రేపే పోదు. బాకీ 90 దినములు మీరిన పిమ్మటనే బ్యాంకు దానిని మొండిబాకీగా నెంచును. అటుపై, తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనము చేసికొనుటకు వీలిచ్చు 2002 నాటి సర్ఫేసీ చట్టము ననుసరించి 60 దినముల నోటీసు ఈయవలెను. కావున నోటీసు రాకమునుపే శాఖాధికారిని కలిసి, కాలపరిమితిని పెంచి వాయిదా తగ్గింపుమని వ్రాతపూర్వకముగా అర్థించి, రసీదు పుచ్చుకొనుడు. ఇందువలన మొత్తము వడ్డీ పెరుగును. అయినను నేడు నిలుచుట ముఖ్యము.

నోయిడాలో ఇండ్లు పూర్తిచేయక విడిచిన ఆమ్రపాలి నిర్మాణసంస్థ కొనుగోలుదారులు, 2019 జూలై 23న సుప్రీంకోర్టు నిర్మాణమును ప్రభుత్వ సంస్థయగు ఎన్.బి.సి.సి.కి అప్పగించువరకే గాక, ఆ పిమ్మటను, కట్టని ఇంటికి వాయిదాయు, ఉన్న ఇంటికి అద్దెయు నేకకాలమున మోసిరి. వారివలె గాక మీ గృహము మీ అధీనమున నున్నది, దానిని మొదట కాపాడుకొనుడు.

కార్డు బాకీ తాకట్టులేనిదే గాని, నెలకు నూటికి మూడు రూపాయలకు పైబడు వడ్డీతో సంసారమును కృశింపజేయునది. పెట్టెలో నిరుపయోగముగా నున్న బంగారమేదేని యున్నచో, అమ్మి తీర్చుటయే నా మతము. ఫోను యాపులలో క్రొత్త అప్పు మాత్రము చేయకుడు. వసూలుదారులు ఉదయము 8కి ముందు, సాయంకాలము 7 తరువాత పిలువరాదు. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తములేక ఉచిత న్యాయసహాయము లభించును. గాజియాబాదు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఈ వారమే వెళ్లుడు.