సెట్‌టాప్ బాక్స్ రికార్డింగ్ మిస్ అవుతోందా? ఇవి చెక్ చేయండి

హైటెక్ సిటీలో సెకండ్ షిఫ్ట్ చేసేవాళ్లకి రాత్రి 7:30 ఐపీఎల్ మ్యాచ్ చూడాలంటే రికార్డింగే దిక్కు. తీరా ఇంటికొచ్చాక అది కనిపించకపోతే, బాక్స్ పాడైందనుకునే ముందు వరుసగా ఇవి చూడండి.

1. పవర్: గోడ దగ్గర స్విచ్ ఆపేస్తే రికార్డింగ్ జరగదు. రిమోట్‌తో స్టాండ్‌బైలో పెట్టండి. కరెంటు పోతుంటే చిన్న యూపీఎస్ మేలు.

2. రీఛార్జ్: ప్యాక్ అయిపోతే ఛానల్ రాదు, రికార్డింగూ ఉండదు.

3. స్పేస్: డిస్క్ నిండితే పాతవి డిలీట్ చేయండి.

4. ట్యూనర్లు: ఉన్న ట్యూనర్ల కంటే ఎక్కువ షెడ్యూల్స్ ఒకే టైమ్‌కి పెడితే ఏదో ఒకటి ఎగిరిపోతుంది.

5. సిగ్నల్: మన డీటీహెచ్‌లు వాడేది కేయూ బ్యాండ్. గట్టి వానకి సిగ్నల్ పడిపోతుంది. రికార్డింగ్ ముక్కలుగా ఉంటే ముందు దీన్నే అనుమానించండి.

6. టైమ్: షెడ్యూల్ నడిచేది గైడ్ టైమ్ మీద. సూపర్ ఓవర్ పోకూడదంటే తర్వాతి ప్రోగ్రామ్ కూడా రికార్డింగ్‌కి పెట్టండి.

ఇప్పుడు స్టాండ్‌బైలో ఓ చిన్న టెస్ట్ రికార్డింగ్ పెట్టండి. వస్తే డిస్క్ పనిచేస్తున్నట్టే. పవర్, షెడ్యూల్ మళ్లీ చూసుకోండి. సిగ్నల్, స్పేస్ ఉన్నా రాకపోతే డిస్క్ మీద అనుమానం. ఫార్మాట్ మాత్రం ఆఖరున చేయండి, అన్ని రికార్డింగ్స్ పోతాయి.